డాఫ్నియా 21 రోజుల పరీక్ష: కల్చరు నుంచి ఈసీ10 దాకా అంచెలంచెలుగా

ఒక రసాయనం మంచినీటి జీవుల్ని 48 గంటల్లో చంపుతుందో లేదో తేల్చడం తేలికే. చంపని మోతాదులో వారాల తరబడి ఉంటే ఏమవుతుందన్నదే చిక్కు ప్రశ్న. తల్లి బతికే ఉంటుంది, తింటూనే ఉంటుంది, ఈతకు ఈతకు (అంటే కాన్పు కాన్పుకు) పిల్లలు మాత్రం తగ్గిపోతుంటాయి. ఆ తగ్గుదలను కొలిచేదే డాఫ్నియా మాగ్నా (మంచినీళ్లలో బతికే, రొయ్యల వర్గపు చిన్న జీవి) సంతానోత్పత్తి పరీక్ష, అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ మార్గదర్శకం 211. పిల్లల్ని 10 శాతం తగ్గించే గాఢతే ఈసీ10. ఇక్కడి వివరాలు 2012 సవరణను అనుసరించినవి.

ఈ పరీక్ష చెడిపోయిందంటే తప్పు చాలాసార్లు రసాయనంలో ఉండదు. కంట్రోల్లోని, అంటే రసాయనం కలపని బీకర్లలోని, తల్లులే సరిపడా పిల్లల్ని పెట్టవు. అందుకే నీళ్లు, తిండి, కల్చరు (ల్యాబులో పెంచుకునే డాఫ్నియా మంద) గురించి ఎక్కువ చెప్పి, మిగతాది క్లుప్తంగా ముగించాం.

1. మొదలుపెట్టే ముందు: ఈ పరీక్ష మీ రసాయనానికి సరిపోతుందా?

నీళ్లలో కరిగి ఉండే పదార్థాలకే ఇది. అడుగు మట్టికి అంటుకుపోయే వాటికి కైరోనామస్ (దోమలాంటి పురుగు) లార్వాలతో చేసే 28 రోజుల పరీక్షలున్నాయి (ఓఈసీడీ 218, 219). వాటిని చూడండి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి:

- నీటిలో ఎంత కరుగుతుంది, ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఆవిరవుతుందా
- డాఫ్నియా మీద 48 గంటల ఈసీ50 (సగం డాఫ్నియాలు కదలకుండా పోయే గాఢత)
- నీటిలో గాఢతను కొలిచే పద్ధతి, అది కూడా మీరు వాడబోయే కనిష్ఠ గాఢత దగ్గర పనిచేసేది

మూడోది లేకుండా మొదలుపెట్టే వాళ్లు చాలామంది. 21 రోజులు కష్టపడ్డాక బీకరులో నిజంగా ఎంత రసాయనం ఉందో చెప్పలేకపోతే ఆ ఫలితాన్ని ఎవరూ తీసుకోరు.

ఇంకో మాట. 20 డిగ్రీల గది ఏర్పాటు చేసుకోలేని కాలేజీ ప్రాజెక్టులకు సీరియోడాఫ్నియా డ్యూబియాతో (డాఫ్నియాకు దగ్గరి చిన్న జీవి) చేసే అమెరికా పద్ధతి నయం. అది 25 డిగ్రీల దగ్గర, 15 మి.లీ. నీళ్లలో, మూడు ఈతలు వచ్చేదాకా, దాదాపు 7 రోజుల్లో అయిపోతుంది. కాకపోతే నీళ్లు రోజూ మార్చాలి. రిజిస్ట్రేషన్ కోసం 211 అడిగినచోట మాత్రం అది చెల్లదు.

2. గది, గాజుసామాను

ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకే పరీక్షలో హెచ్చుతగ్గులు 2 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మన దగ్గర ఏసీని మాత్రమే నమ్ముకోవడం ప్రమాదం. లైటు బిగించిన బీఓడీ ఇంక్యుబేటరు (చల్లబరిచి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే పెట్టె), దానికి జనరేటరు లేదా ఇన్వర్టరు లైను ఉంటేనే మొదలుపెట్టండి. లోపల డేటా లాగర్ పెట్టండి. రాత్రి రెండు గంటలు కరెంటు పోయిన సంగతి ఉదయం తొమ్మిదికి చూసే థర్మామీటరు చెప్పదు.

వెలుతురు 16 గంటలు, చీకటి 8 గంటలు. కాంతి చదరపు మీటరుకు సెకనుకు 15–20 మైక్రోఐన్‌స్టీన్లు దాటకూడదు. అంతకు మించితే బీకర్లలో ఆల్గే పెరిగి పీహెచ్ ఎగబాకుతుంది.

గదిలోకి రానివ్వకూడనివి: దోమల మెషిన్లు, అగరుబత్తులు, బొద్దింకల స్ప్రే, రూమ్ ఫ్రెషనర్లు. దోమల మెషిన్లలో ఉండేవి పైరెథ్రాయిడ్లు. డాఫ్నియాకు అవి గాల్లోంచి నీళ్లలో దిగినంత చాలు. మున్సిపాలిటీ వాళ్లు ఫాగింగ్ చేసే రోజు కిటికీలు మూసి ఉండేలా చూసుకోండి. బిల్డింగుకు పెస్ట్ కంట్రోల్ ఎప్పుడో ముందే కనుక్కోండి.

బీకర్లు గాజువే వాడండి. నూనెల్లో కరిగే స్వభావమున్న రసాయనాలు ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. సబ్బుతో కడిగాక పలుచని ఆమ్లం, అసిటోన్, చివర డీఅయొనైజ్డ్ నీళ్లతో చాలాసార్లు కడగాలి. సబ్బు జాడ మిగిలినా అదే విషం.

3. నీళ్లు

బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. బోరు గుణం వానకూ ఎండకూ మారుతుంది, కుళాయిలో క్లోరిన్ ఉంటుంది. కండక్టివిటీ 10 మైక్రోసీమెన్స్/సెం.మీ. లోపున్న డీఅయొనైజ్డ్ నీళ్లతో ఎలెంట్ ఎం4 లేదా ఎం7 మాధ్యమం (లవణాలు, విటమిన్లు కొలిచి కలిపిన కృత్రిమ నీళ్లు) తయారుచేసుకోవాలి.

ఎం4లో ప్రధాన లవణాలు, లీటరుకు:

- కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్: 293.8 మి.గ్రా.
- మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్: 123.3 మి.గ్రా.
- సోడియం బైకార్బొనేట్: 64.8 మి.గ్రా.
- సోడియం సిలికేట్ నోనాహైడ్రేట్: 10 మి.గ్రా.
- పొటాషియం క్లోరైడ్: 5.8 మి.గ్రా.

వీటికి కొద్దిగా నైట్రేటు, ఫాస్ఫేట్లు, సూక్ష్మ మూలకాలు, ఇనుము–ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే రసాయనం) ద్రావణం, విటమిన్లు కలుస్తాయి. ఎం7లో చాలా సూక్ష్మ మూలకాలు ఎం4లో నాలుగో వంతే. కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 250 మి.గ్రా./లీ. వస్తుంది. 140 దాటాలన్న షరతు దీంతో తీరిపోతుంది.

ఇనుము, ఈడీటీఏ ద్రావణాల్ని విడివిడిగా తయారుచేసి, కలిపిన వెంటనే ఆటోక్లేవ్ చేయాలి.

విటమిన్లు లీటరుకు థయమిన్ 75 మైక్రోగ్రాములు, బి12 ఒక మైక్రోగ్రాము, బయోటిన్ 0.75 మైక్రోగ్రాము. ఈ ద్రావణాన్ని చిన్న చిన్న వయల్స్‌లో గడ్డకట్టించి ఉంచి, వాడే రోజే కలపాలి. ఒకే సీసాను ఫ్రిజ్‌లోంచి రోజూ తీసి పెట్టేచోట ఒకట్రెండు తరాలకు పిల్లలు తగ్గిపోతాయి. కారణం తెలియక అందరూ ఆల్గేను అనుమానిస్తారు.

లోహాలను పరీక్షిస్తున్నారా? అయితే ఎం4, ఎం7 వద్దు. ఈడీటీఏ రాగి, జింకు, కాడ్మియం లాంటి వాటిని పట్టేసుకుంటుంది, అసలు విషం కన్నా తక్కువ కనిపిస్తుంది. ఈడీటీఏ లేని కృత్రిమ కఠిన జలానికి సముద్రపు నాచు సారం కలిపి వాడతారు. కల్చరును కూడా ఆ నీళ్లలోనే పెంచాలి.

ఎన్ని లీటర్లు కావాలో ముందే లెక్క వేయండి. ఐదు గాఢతలు, ఒక కంట్రోల్, ఒక్కోదానికి పది బీకర్లు, బీకరుకు 80 మి.లీ. అంటే ఒక్కసారికి 4.8 లీటర్లు. మొత్తం తొమ్మిది సార్లు నింపాలి కాబట్టి 43.2 లీటర్లు. గాఢత కొలతకు తీసే నమూనాలు, ఒలికిపోయేవి కలుపుకొని 55 లీటర్లకు సరంజామా ఉంచుకోండి. ద్రావకం (రసాయనాన్ని ముందుగా కరిగించే ద్రవం) వాడితే దాని కంట్రోల్ ఇంకో పది బీకర్లు.

4. తిండి

డాఫ్నియాకు బతికి ఉన్న పచ్చ ఆల్గే పెట్టాలి: క్లోరెల్లా, రాఫిడోసెలిస్ సబ్‌క్యాపిటాటా, డెస్మోడెస్మస్ సబ్‌స్పైకాటస్. ఏదో ఒకటి ఎంచుకుని పరీక్ష పూర్తయ్యేదాకా అదే వాడండి. ఈస్టు, చేపల మేత ఇక్కడ పనికిరావు. అవి కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తాయి.

కొలత కార్బన్‌లో ఉంటుంది: ఒక్కో డాఫ్నియాకు రోజుకు 0.1 నుంచి 0.2 మి.గ్రా. కార్బన్. "ఆకుపచ్చగా కనిపించేదాకా" అన్న కొలతతో పెడితే ఏ రెండు పరీక్షలూ కలవవు.

చేయాల్సిన వరుస:

1. బాగా పెరుగుతున్న ఆల్గేను సెంట్రిఫ్యూజ్ చేసి, పాత మాధ్యమం పారబోసి, డాఫ్నియా నీళ్లలో కలపండి. ఆల్గే మాధ్యమంలోని లవణాలు పరీక్ష బీకర్లలోకి రాకూడదు.
2. కనీసం ఐదారు పలుచదనాల్లో టీఓసీ (మొత్తం సేంద్రియ కార్బన్) కొలవండి. అవే నమూనాలకు స్పెక్ట్రోఫొటోమీటరులో 440 నానోమీటర్ల దగ్గర శోషణం చూడండి. రెండింటికీ గీత గీస్తే ఇక రోజూ శోషణం చూసుకుంటే చాలు.
3. గాఢ ద్రవాన్ని మి.లీ.కు 1 మి.గ్రా. కార్బన్ ఉండేలా సర్దండి. మొదటి వారం బీకరుకు రోజూ 0.1 మి.లీ., ఆ తర్వాత 0.2 మి.లీ.
4. పైపెట్ ముంచే ప్రతిసారీ సీసాను తిప్పి కలపండి. ఆల్గే నిమిషాల్లో అడుగుకు దిగుతుంది. మొదటి బీకరుకు పలుచగా, అరవయ్యో బీకరుకు చిక్కగా పడితే మీరు కొలిచేది మీ పైపెటింగునే.

అరవై బీకర్లకు మొత్తం 210 మి.లీ. గాఢ ద్రవం పడుతుంది. కల్చరు తల్లులకు కావాల్సింది వేరే. తిండి రోజూ పెట్టడమే మంచిది. వారానికి మూడుసార్లు కనీస హద్దు, అదే లక్ష్యం కాకూడదు.

5. కల్చరు

అక్వేరియం దుకాణాల్లో డాఫ్నియా పేరుతో అమ్మేది చాలాసార్లు మొయినా అనే వేరే జీవి. చెరువులో వలేస్తే రెండు మూడు జాతులు కలిసి వస్తాయి. జాతి నిర్ధారణైన క్లోన్‌ను (ఒకే తల్లి వంశాన్ని) వేరే ల్యాబ్ నుంచి తెచ్చుకోవాలి. వేరే నీళ్లలో పెరిగినదైతే మీ మాధ్యమంలో సుమారు మూడు వారాలు, అంటే ఒక పూర్తి తరం, అలవాటు పడనివ్వాలి.

ఒక్కో పెద్ద డాఫ్నియాకు 50–100 మి.లీ. చొప్పున చోటివ్వండి. నాలుగు వారాలు దాటిన తల్లుల్ని తీసేయండి. కల్చరు జాడీకి జాడీకి పుట్టిన తేదీ, ఈత సంఖ్య రాసిన చీటీ ఉండాలి.

పరీక్షకు పనికిరాని కల్చరును ఇలా గుర్తుపట్టవచ్చు:

- మగవి కనిపించడం, లేదా తల్లి వీపున జీనులాగా నల్లని ఎఫిపియం (గట్టి పెంకున్న నిద్రాణ) గుడ్లు: ఇరుకు, ఆకలి, పగటి వెలుతురు తగ్గడం
- ఒంటికి ఎర్రటి ఛాయ: ఆక్సిజన్ తక్కువైంది, హిమోగ్లోబిన్ పెరిగింది
- తొలి ఈత ఆలస్యం కావడం, తల్లులు చావడం
- రంగు వెలిసి పాలిపోయినట్టుండటం: తిండి చాలడం లేదు

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష వాయిదా వేయండి. మొదలుపెట్టి చూద్దాం అనుకుంటే మూడు వారాలు, ఖరీదైన విశ్లేషణలు నీళ్లపాలవుతాయి.

ఏడాదికి కనీసం రెండుసార్లు పొటాషియం డైక్రోమేట్‌తో కల్చరు సున్నితత్వాన్ని సరిచూడండి. 24 గంటల ఈసీ50 లీటరుకు 0.6–2.1 మి.గ్రా. మధ్య ఉండాలి.

6. గాఢతలు

కనీసం ఐదు గాఢతలు, ఒకదానికొకటి 3.2 రెట్లకు మించని తేడాతో. ఉదాహరణకు 1.0, 0.32, 0.10, 0.032, 0.010 మి.గ్రా./లీ.

అన్నిటికన్నా పైది 48 గంటల ఈసీ50 కన్నా కింద ఉండాలి. తల్లులన్నీ మొదటి వారంలోనే పోతే ఆ గాఢత దగ్గర పిల్లల గురించి చెప్పడానికేమీ మిగలదు. అడుగుది కంట్రోల్‌తో సమానంగా రావాలి. ఈసీ10 ఈ రెంటి మధ్య పడాలి. ముందు రెండు మూడు గాఢతలతో, తక్కువ తల్లులతో చిన్న ట్రయల్ చేసుకుంటే ఈ అంచనా సులువవుతుంది.

ద్రావకం లేకుండా కలపడానికి ముందు ప్రయత్నించండి. తప్పనిసరైతే లీటరుకు 0.1 మి.లీ. దాటకూడదు. అన్ని గాఢతల్లోనూ ఒకే పరిమాణం ఉండాలి, ద్రావకం కంట్రోల్ వేరుగా పెట్టాలి. మామూలు కంట్రోల్‌ను తీసేయకూడదు.

7. సున్నా రోజు

సోమవారం మొదలుపెట్టండి. సోమ, బుధ, శుక్రవారాల్లో నీళ్లు మారిస్తే 2, 4, 7, 9, 11, 14, 16, 18 రోజులు పడతాయి, 21వ రోజు మళ్లీ సోమవారం వస్తుంది. ఆదివారం పిల్లల్ని లెక్కపెట్టడానికి మాత్రం ఎవరో ఒకరు రావాల్సిందే.

1. ముందు సాయంత్రం, రెండు నుంచి నాలుగు వారాల వయసున్న తల్లుల దగ్గర్నుంచి పిల్లలన్నిటినీ తీసేయండి. మర్నాడు ఉదయం కనిపించేవన్నీ 24 గంటల లోపువే.
2. తొలి ఈత పిల్లల్ని వాడొద్దు. మూడు, నాలుగు, ఐదో ఈతలవి మంచివి.
3. ఆ ఉదయం కలిపిన ద్రావణాల్లో పీహెచ్, ఆక్సిజన్, ఉష్ణోగ్రత రాయండి. పీహెచ్ 6–9 మధ్య ఉండాలి.
4. బీకరుకు ఒక్క పిల్ల. గాజు పైపెట్ కొనను మంట మీద నునుపు చేయండి. మూతి పిల్లకు ఇబ్బంది లేనంత వెడల్పు ఉండాలి, పెద్దవాటికైతే సుమారు 5 మి.మీ.
5. కొనను నీటిలో ముంచి వదలండి. పైనుంచి చుక్కలా వేస్తే పెంకు కింద గాలి బుడగ చేరి పిల్ల నీటిపైనే తేలి, ఎండి చస్తుంది.
6. ఏ పిల్ల ఏ బీకరులోకి, ఏ బీకరు ఏ అరలోకి అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించండి. కంట్రోల్ అంతా పై అరలో, ఎక్కువ గాఢత అంతా కింది అరలో పెడితే ఉష్ణోగ్రత తేడా విషంలా కనిపిస్తుంది.
7. గాజు పలక మూత పెట్టండి. ఇంక్యుబేటరు ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరైతే గాఢత పెరుగుతుంది. బీకరు మీద నీటి మట్టం గీత పెట్టుకోండి.

8. రోజువారీ పని

రోజూ: తల్లి బతికుందా, ఎలా కదులుతోంది, వీపు సంచిలో గుడ్లున్నాయా చూసి రాసి, తిండి పెట్టండి.

నీళ్లు మార్చే రోజు: రెండో సెట్ బీకర్లలో కొత్త ద్రావణం, తిండి సిద్ధంగా ఉంచి తల్లిని పైపెట్‌తో అటు మార్చండి. తల్లినే మార్చండి, నీళ్లను తోడి పోయడం వద్దు. కొత్త, పాత ద్రావణాల్లో, కనీసం కంట్రోల్‌లోనూ అత్యధిక గాఢతలోనూ, వారానికొకసారైనా పీహెచ్, ఆక్సిజన్ చూడండి. ఆక్సిజన్ 3 మి.గ్రా./లీ. కన్నా తగ్గకూడదు. పీహెచ్ మార్పు 1.5 దాటకూడదు. గాలి పంపు పెట్టకండి.

కంట్రోల్‌లో తొలి ఈత సాధారణంగా 8–10 రోజుల మధ్య వస్తుంది, ఆ తర్వాత దాదాపు మూడు రోజులకొకటి. తొలి ఈత నుంచి రోజూ పిల్లల్ని లెక్కపెట్టి తీసేయాలి. లేకపోతే తల్లి తిండిని అవి పంచుకుంటాయి.

లెక్కకు బీకరును నల్ల కాగితం మీద పెట్టి పక్కనుంచి దీపం వేయండి. పిల్లలు తెల్లని చుక్కల్లా మెరుస్తూ కుదుపులతో కదులుతాయి, విడిచిన పొర కదలకుండా పడి ఉంటుంది. బతికినవి, చచ్చినవి, రాలిపోయిన గుడ్లు మూడింటికీ వేర్వేరు గళ్లు ఉంచండి. ప్రధాన లెక్కలోకి వచ్చేవి బతికినవే. కొన్ని రసాయనాలు మాత్రం గుడ్ల దగ్గరే తమ పని చూపిస్తాయి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఆ సంగతి తెలియకుండా పోతుంది.

పైరిప్రాక్సిఫెన్, ఫినాక్సికార్బ్ లాంటి కీటక హార్మోన్ తరహా మందుల పరీక్షలో పిల్లల్లో మగవాటి వాటా కూడా చూడాలి. పత్తిలో తెల్లదోమకు కొట్టే పైరిప్రాక్సిఫెన్ డాఫ్నియా చేత మగపిల్లల్ని పెట్టిస్తుంది. మగపిల్లకు ముందరి చిన్న యాంటెన్నాలు పొడవుగా ఉంటాయి, మైక్రోస్కోపులో తేలిగ్గానే తెలుస్తుంది.

9. బీకరులో నిజంగా ఎంత ఉంది?

రసాయనం స్థిరంగా, అనుకున్న గాఢతకు 20 శాతం అటూఇటూలో నిలబడుతుందని తెలిస్తే, అత్యధిక, అత్యల్ప గాఢతల్లో కొత్త ద్రావణాన్నీ పాత ద్రావణాన్నీ మొదటి వారం ఒకసారి, తర్వాత వారానికోసారి కొలిస్తే చాలు. నిలబడకపోతే అన్ని గాఢతలనూ కొలవాలి.

పాత ద్రావణం నమూనా శుక్రవారం–సోమవారం విడత నుంచి కూడా తీయండి. అన్నిటికన్నా ఎక్కువ తగ్గేది అక్కడే. బుధవారం నమూనాలు మాత్రమే చూపిస్తే లెక్క అందంగా ఉంటుంది, నిజం కాదు.

తగ్గుతుంటే కాలాన్ని బట్టి సగటు వేయాలి. ఒక్కో విడతకు: (మొదటి గాఢత – చివరి గాఢత) ÷ (రెండింటి సహజ లాగరిథమ్‌ల తేడా) × రోజులు.

ఉదాహరణకు కొత్త ద్రావణం 1.00 మి.గ్రా./లీ., రెండు రోజులకు 0.63, మూడు రోజులకు 0.50 అనుకోండి. రెండు రోజుల విడతలు రెండు, ఒక్కోటి 1.60. మూడు రోజుల విడత 2.16. మొత్తం 5.36ను ఏడుతో భాగిస్తే 0.77 మి.గ్రా./లీ. ఫలితంలో రాయాల్సింది ఇదే, 1.00 కాదు.

మరీ త్వరగా విచ్ఛిన్నమయ్యే వాటికి నీళ్లు రోజూ మార్చండి, లేదా ప్రవాహ పద్ధతికి (కొత్త ద్రావణం ఆగకుండా పారుతూ ఉండేది) వెళ్లండి. అందులో గాఢతకు పది పిల్లల చొప్పున నాలుగు గుంపులు, మొత్తం నలభై పడతాయి.

10. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- కంట్రోల్‌లో తల్లికి సగటు పిల్లలు 60కి (పరీక్ష చెల్లడానికి కనీసం) చేరలేదు: మొదట తిండి కార్బన్ లెక్క, తర్వాత విటమిన్ వయల్స్ వయసు, ఆ తర్వాత తల్లుల వయసు, ఈత సంఖ్య చూడండి. ఈ వరుసలో వెతికితే చాలాసార్లు మొదటి రెండింట్లోనే దొరుకుతుంది.
- కంట్రోల్ బీకర్ల మధ్య తేడా ఎక్కువ, విచలన గుణకం 25 శాతం దాటింది: ఆల్గే సీసా కలపడం లేదు, లేదా పిల్లలు వేర్వేరు వయసువి.
- పీహెచ్ 9 వైపు పోతోంది: కాంతి ఎక్కువ, తినకుండా మిగిలిన ఆల్గే పెరుగుతోంది.
- అడుగున జిగురు, బూజు: తిండి ఎక్కువ.
- తల్లి నీటిపై తేలుతోంది: మీద ఒక చుక్క అదే ద్రావణం వేసి మెల్లగా ముంచండి, నమోదు చేయండి.
- తల్లి మగదని తేలింది: ఆ బీకరును లెక్కలోంచి తీసేయండి.
- ద్రావకం కంట్రోల్, మామూలు కంట్రోల్ కలవడం లేదు: ద్రావకమే పనిచేస్తోంది. ఆ పరీక్షను నమ్మకండి.

11. పరీక్ష చెల్లుతుందా?

- కంట్రోల్‌లో చనిపోయిన తల్లులు 20 శాతానికి మించలేదు
- కంట్రోల్‌లో బతికిన తల్లికి సగటున 60 లేదా ఎక్కువ బతికిన పిల్లలు

ఈ రెండూ తప్పనిసరి. 58 వచ్చింది, దాదాపు అంతే కదా అనడానికి వీల్లేదు.

12. లెక్కలు

ఒక తల్లి, ఒక బీకరు, ఒక నమూనా. గాఢతకు పది తల్లులుంటే నమూనా పరిమాణం పదే, వాటి ఆరొందల పిల్లలు కాదు. పిల్లల్ని విడివిడి నమూనాలుగా లెక్కపెడితే లేని తేడా కూడా కనిపిస్తుంది.

మధ్యలో చనిపోయిన తల్లుల్ని ఏం చేయాలి? పైపెట్ కింద నలిగినట్టు ఖాయంగా తెలిసిన చావును ప్రమాదంగా రాసి లెక్కలోంచి తీయవచ్చు. అది జరిగిన రోజే రాయాలి, ఫలితం చూశాక కాదు. గాఢత పెరిగేకొద్దీ "ప్రమాదాలు" పెరిగితే అవి ప్రమాదాలు కావు. మిగిలిన చావులన్నీ లెక్కలో ఉంటాయి, అవి పోయేలోపు పెట్టిన పిల్లలతో సహా. బతికిన తల్లులకు మాత్రమే వేసిన లెక్కను పక్కన అదనంగా చూపించండి.

ఈసీ10, ఈసీ50లకు (ఇక్కడ పిల్లల్ని 10, 50 శాతం తగ్గించే గాఢతలు) లాగ్–లాజిస్టిక్ వక్రం సరిపోతుంది. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో డీఆర్‌సీ ప్యాకేజీ ఈ పని చేస్తుంది. 95 శాతం విశ్వాస అవధి తప్పకుండా ఇవ్వండి. ఎన్‌ఓఈసీ (కంట్రోల్‌తో గణనీయమైన తేడా కనిపించని అత్యధిక గాఢత), ఎల్‌ఓఈసీ (తేడా కనిపించిన అత్యల్ప గాఢత) కావాలంటే ముందు విచలనాల సమానత్వం చూసి, డన్నెట్ పరీక్ష (ఒక్కో గాఢతను కంట్రోల్‌తో పోల్చే గణాంక పరీక్ష) చేయండి. ప్రభావం గాఢతతో పాటు వరుసగా పెరుగుతుంటే విలియమ్స్ పరీక్ష మెరుగు.

ఎన్‌ఓఈసీ ఒక్కటే రాసి వదిలేయడం మాకు నచ్చదు. అది మీరు ఎంచుకున్న గాఢతల్లో ఒకటి అవుతుందే తప్ప మధ్య విలువ కాలేదు. పైగా కంట్రోల్ ఎంత చెల్లాచెదురుగా ఉంటే ఎన్‌ఓఈసీ అంత పైకి పోతుంది, అంటే నిర్లక్ష్యంగా చేసిన పరీక్షలో రసాయనం మంచిదిగా కనిపిస్తుంది.

ఈసీ10 మీ అత్యల్ప గాఢత కన్నా కింద వస్తే ఆ అంకెను ఫలితంగా ఇవ్వకండి. అది వక్రాన్ని పొడిగిస్తే వచ్చిన ఊహ. ఇంకా తక్కువ గాఢతలతో పరీక్ష మళ్లీ పెట్టాలి.